పత్నీస్థానము

జైమిని పూర్వమీమాంసాసూత్రములలో ఆఱవ యధ్యాయము అధికారవిచారమునకై యేర్పడినది. యజ్ఞము చేయుటకు ఎవ్వరర్హులు, ఎవ్వరు కారు అనునది అందలి ప్రశ్న. స్వర్గమును కోరువాడు యజింపవలెనను విధివాక్యమునందలి కర్తృపదము పుంలింగము గనుక ఆ యర్హత పురుషునకు మాత్రమే కలదని ఐతిశాయనుడను ఆచార్యుడు వాదించెను. బాదరాయణుడు ఒప్పుకొనలేదు, ఆ పదము స్వర్గకామన గల జాతినంతటిని బోధించునే గాని అందొక సగమును వెలివేయుటకు ఉద్దేశింపబడినది కాదని ఆతని పక్షము, జైమిని దానినే సిద్ధాంతముగా గ్రహించెను. ఒక లింగప్రత్యయమును పట్టుకొని మానవజాతిలో సగమును స్వర్గద్వారమువద్ద నిలిపివేయజూచిన వాదమును, ఆ వాదము పుట్టిన శాస్త్రమే సుమారు రెండువేల యేండ్లకు పూర్వము నిలువదీసి కాదనిపించెనను సంగతి, స్త్రీధర్మమును గూర్చి నేడు కలహించు ఉభయపక్షములవారిలోను పెక్కురకు తెలియదు. సనాతనులు దీనిని చెప్పరు, చెప్పినచో తమ వాదమునకు బలము తగ్గును. సంస్కర్తలు దీనిని చదువరు, మీమాంస యనగా శుష్కమైన కర్మకాండ యని వారికొక నమ్మకము.

అయితే పూర్వపక్షి అంతటితో ఊరకుండలేదు. యజ్ఞమునకు ద్రవ్యము కావలెను. స్త్రీకి ద్రవ్యము లేదు. కన్యను తండ్రి విక్రయించును, వరుడు క్రయము చేయును గనుక ఆమె తానే ద్రవ్యము, ద్రవ్యమునకు ద్రవ్యముండుట ఎట్లు అని అతడు అడిగెను. ఈ ప్రశ్న క్రూరమైనదే గాని నిజాయితీ గలది. స్త్రీకి ఆత్మ లేదనియో, బుద్ధి లేదనియో అతడు అనలేదు. ధనము లేదు గనుక ధర్మము లేదనెను. భారతసభలో ద్రౌపది అడిగిన ప్రశ్నయు తుదకు దీనికి సంబంధించినదే. తన్ను తానోడిన పురుషునకు భార్య ఇంకను పణముగా పెట్టదగిన సొత్తై మిగులునా అని ఆమె ధర్మజ్ఞులను నిలువదీసినపుడు, భీష్మునంతటివాడు ధర్మసూక్ష్మత మాటున దాగుకొనవలసివచ్చెను. మీమాంసకులు భీష్మునికంటె కొంత ధైర్యవంతులు. ఫలమునందలి ఉత్సాహము స్త్రీపురుషులకు సమానము, కోరిక గలవారికి కర్మ గలదు, క్రయమనబడునది కేవలము ధర్మార్థమైన యాచారమే గాని విక్రయము కాదు అని వారు బదులు చెప్పిరి. కన్య సుందరియైనను కాకున్నను ఆ యిచ్చునది ఒక్కటే, బేరమునుబట్టి హెచ్చదు, తగ్గదు, కావున అది ధర యనిపించుకొనదు అని భాష్యకారుడైన శబరస్వామి యుక్తి.

చక్కని యుక్తియే. కాని యుక్తికి ఒక గుణము కలదు. అది చెప్పినవానిని కూడ విడువదు. ధర మారనిచో విక్రయము కాదనుట నిజమైనచో, ధర మారినచోట అది విక్రయమని ఒప్పుకొనకతప్పదు. విజయనగరాధీశుడైన ఆనంద గజపతి విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో బ్రాహ్మణుల యిండ్ల జరిగిన శుల్కవివాహములకు పట్టిక వ్రాయించినపుడు ఆ సంఖ్య 1,034 అయ్యెననియు, ఆ వధువులలో ఏడాది పసికందులు సైతము కలరనియు గురజాడ అప్పారావు 1897లో అచ్చైన కన్యాశుల్కము పీఠికలో తెలిపెను. ఆ నాటకములో సుబ్బికి జరిగిన బేరమును చదివినవాడెవడును శబరస్వామి లక్షణమును దానికి పట్టించి, ఇది ధర్మమాత్రమని చెప్పజాలడు. సుబ్బి తండ్రి అగ్నిహోత్రావధానులు వేదము చదివినవాడే; శాస్త్రము తన ప్రతిష్ఠకై ఏ సంగతిని లేదని త్రోసివేసెనో, దానిని ఆ శాస్త్రమును అధ్యయనము చేసినవాడే అరుగుమీద కూర్చుండి లెక్కగట్టుచుండెను. పిమ్మట శుల్కము పోయి కట్నము వచ్చెను, ధనము నడచు దిక్కు మాత్రము మారెను.

ద్రవ్యప్రశ్నకు మీమాంసకులు వాదముచే చెప్పిన యుత్తరమును శాసనముచే చెప్పుటకు ఇరువదవ శతాబ్దము కావలసివచ్చెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీ చేతనున్న యాస్తిపై ఆమెకు సంపూర్ణ స్వామ్యమునిచ్చెను. ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి వర్తించునట్లు చేసిన సవరణ కూతురును కొడుకుతోపాటు పుట్టుకచేతనే సమభాగస్వామిని చేసెను. 2005లో ఆ మాట దేశమంతటికి చెల్లెను. మనరాష్ట్రము ఇరువదియేండ్లు ముందుండుట గర్వింపదగినదే గాని, ఆ తేదీకి ముందే పెండ్లియైన కూతునకు మన సవరణలో చోటు లేకపోయెనని జ్ఞప్తియుంచుకొనవలెను. చట్టమెట్లున్నను, తండ్రి పోయిన పిమ్మట రిజిస్ట్రారు కచేరీ వరండాలో అక్కచెల్లెండ్రు వరుసగా కూర్చుండి హక్కు విడుదల పత్రముమీద వ్రేలిముద్రలు వేయుటయు, పసుపుకుంకుమల క్రింద పూర్వమేదో ఇచ్చితిమి గదా యని అన్నదమ్ములు సమాధానపడుటయు మనయూళ్లలో వింతకాదు. పుట్టింటి రాకపోకలు నిలువవలెనన్నచో సంతకము చేయవలెనని ఎవ్వరును నోట చెప్పరు, చెప్పనక్కఱ యుండదు.

మూడవ ప్రతిబంధము విద్య. దంపతులిద్దఱును కలిసియే యజింపవలెనని సిద్ధాంతము చేసిన జైమినియే, పిదప మెల్లగా, పత్ని చేయవలసినది విధి ప్రత్యేకముగా చెప్పినంతమాత్రమే యని పరిమితి పెట్టెను. ఆజ్యమును చూచుట, ఆశీస్సులు కోరుట, బ్రహ్మచర్యనియమము పాటించుట ఆమె వంతు. మంత్రముతోడి కర్మయంతయు యజమానునిది. ఆమె అతనితో తుల్య కాదనుట ఇందులకు హేతువు; అధ్యయనము లేకుండుటయే ఆ యతుల్యత యని వ్యాఖ్యానము. ఇచ్చట నేను కొంచెము నిలువదలచుచున్నాను. ఆడుదానికి చదువు లేదు గనుక మంత్రము లేదు, మంత్రము లేదు గనుక ఉపనయనము లేదు, ఉపనయనము లేదు గనుక చదువు లేదు అను నీ చక్రమునకు మొదలెక్కడనో చెప్పుట కష్టము. కాని శాస్త్రకారుడు చెప్పిన హేతువు స్వభావము కాదనుట గమనింపదగినది. స్త్రీ పుట్టుకచే తక్కువ యని గాక, చదువుకొనలేదు గనుక తక్కువ యని అతడనెను. కారణము తొలగినపుడు ఆ కారణముపై నిలిచిన నిషేధము దేనిపై నిలుచును? 1874లో ధవళేశ్వరమున కందుకూరి వీరేశలింగము బాలికాపాఠశాల పెట్టినది మొదలు ఆ హేతువు కరగుచునే వచ్చినది. సంస్కృతములో పట్టభద్రురాలైన యిల్లాలు సత్యనారాయణవ్రతమున పీటలపై కూర్చుండి, తనకంటె తప్పులు తఱచుగా పలుకు పురోహితుడు భర్తచేత సంకల్పము చెప్పించుచుండగా, ధర్మపత్నీసమేతుడన్న మాటలో తానొక సమాసాంగమై ఊరకుండి, ప్రసాదపు రవ్వ మాడునేమో యని నడుమ రెండుసార్లు లేచి వంటయింటికి పోవుట నేటికిని చూడవచ్చును. ఆజ్యావేక్షణము మాత్రము ఆమె నేటికిని తప్పించుకొనలేదు.

ఉపనిషత్తుల కాలమున స్త్రీలకింత దుర్గతి లేదని చెప్పువారు గార్గిని మైత్రేయిని ముందు నిలుపుదురు. నిలుపదగినవారే. కొమ్ములకు బంగారము కట్టిన వేయి గోవులను విదేహరాజు బ్రహ్మిష్ఠునికై యుంచిన సభలో వాచక్నవి గార్గి లేచి, ఎక్కుపెట్టిన వింటితో రెండు బాణములు పట్టి నిలిచిన వీరునివలె రెండు ప్రశ్నలతో యాజ్ఞవల్క్యుని ఎదిరించెను. తుదకు ఇతనిని మీరు గెలువలేరు, నమస్కరించి తప్పించుకొనుడని తక్కిన బ్రాహ్మణులకు తీర్పు చెప్పినదియు ఆమెయే. ఆమె ఎవరి భార్య యని ఉపనిషత్తు చెప్పదు. మైత్రేయియో, భర్త గృహము విడుచుచు ఆస్తి పంచబోగా, అమృతత్వమునీయని ధనముతో నాకేమి పని యని అడిగి ఆత్మవిద్యను పొందెను. ఇంతవఱకు అందఱును చెప్పుదురు. నాకు మాత్రము ఆ యింటిలోని రెండవ యామె ఎప్పుడును అడ్డుతగులుచుండును.

యాజ్ఞవల్క్యునికిద్దఱు భార్యలు. మైత్రేయి బ్రహ్మవాదిని, కాత్యాయని స్త్రీలెఱుగు పాటి విషయములనే యెఱిగినది యని బృహదారణ్యకము ఒక్కముక్కలో తేల్చివేసినది. ఆమె నోట ఒక్క మాటయైన లేదు. పంపకములో ఆమె తన భాగమును పుచ్చుకొనెనో లేదో తెలియదు. సంభాషణము జరుగుచున్నపుడు ఆమె ఎచ్చటనున్నదో తెలియదు. ఊహించుట కష్టము కాదు. వేయి గోవులు ఆశ్రమమునకు తోలుకొని వచ్చిన నాడు వానిని కట్టివేయించినవారెవరు, సామశ్రవునివంటి శిష్యులకు వండిపెట్టినవారెవరు, అతిథియై వచ్చిన ఋషికి అర్ఘ్యపాద్యములందించినవారెవరు? నేతి నేతి యని సర్వమును త్రోసివేయగల తీఱిక మఱియొకరి యెడతెగని పనిమీద నిలిచియున్నదని గమనించుటకు బ్రహ్మజ్ఞానమక్కఱలేదు. మైత్రేయిని గౌరవించుట సులభము. ఆమె వంటయిల్లు విడిచి వచ్చి పురుషుడడుగు ప్రశ్ననే అడిగినది. మన సంప్రదాయము ఆడుదాని యాత్మకు ఏనాడును ద్వారము మూయలేదు; ఆమె గడప దాటి రాగలిగినచో, అక్కమహాదేవియైనను తరిగొండ వెంగమాంబయైనను, ఆమె పాదములకు మ్రొక్కినది. గడపకు లోపలనున్నదానికి మాత్రము పని తప్ప ప్రశ్న ఉండదని తలచినది.

ఈ పనివిభాగము ప్రకృతిసిద్ధమని వాదించువారున్నారు. అడవిలో వేటాడుట మగవాని వంతు, కుంపటి రాజేయుట ఆడుదాని వంతు అని వారు సృష్ట్యాది నుండి చెప్పుకొని వత్తురు. వండుట స్త్రీస్వభావమైనచో తిరుమల పోటులో శ్రీవారికి నైవేద్యము పురుషులేల వండుచున్నారు? పెండ్లిళ్లలో గాడిపొయ్యిలకడ గరిటెలు త్రిప్పువారు పురుషులేల? హోటళ్లలో, సత్రములలో వంటవారు పురుషులేల? రుచియైన వంటను మెచ్చుకొనవలసి వచ్చినపుడు తెలుగువాడు స్మరించునది నలుని, భీముని. కుంతిని గాని దమయంతిని గాని కాదు. విరాటుని కొలువున భీముడు ఏడాదిపాటు వలలుడై వంటశాలలో నుండెను, అర్జునుడు బృహన్నలయై నాట్యము నేర్పెను; అందుచేత వారి ధర్మమేమియు చెడలేదు, గదయు గాండీవమును తుప్పుపట్టలేదు. కాగా ప్రకృతి నిర్ణయించినది వంటను కాదు. కూలి యున్న వంటయు, కీర్తి యున్న వంటయు, దేవుని వంటయు మగవానికి చెందినవి. ప్రతిదినము మూడుపూటలు చేయవలసినది, ఎవ్వరును లెక్కింపనిది, ఉప్పు తక్కువైననాడు మాత్రమే గుర్తుకు వచ్చునది ఆడుదానికి మిగిలినది. ప్రకృతి యైనచో కూలిని చూచి స్థానము మార్చుకొనదు.

సంస్కరణోద్యమమునకు సైతము ఒక కాత్యాయని కావలసివచ్చెను. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము తొలి వితంతువివాహము జరిపించినపుడు, బహిష్కారభయముచే వంటవారును నీళ్లు తెచ్చువారును రాక మానగా, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ స్వయముగా గోదావరి నీరు మోసి పెండ్లివంట వండెను. చరిత్రగ్రంథములు ఆమెను సహధర్మచారిణి యని కొనియాడుచున్నవి. వానిపై నాకు కోపము లేదు. ఆమె ఆనాడు చేసినది నిజముగా వీరకృత్యమే. కాని పంతులుగారి వాదములు శతాధికపుటలలో మనకు లభించుచుండగా, ఆ కడవలు మోయుచు ఆమె తలచినదేమో మనకు లభింపదు.

మనువును గూర్చి ఒక్క మాటతో తృప్తిపడుదును. బాల్యమున తండ్రికి, యౌవనమున భర్తకు, పిదప పుత్రులకు లోబడియుండవలెనన్న స్మృతియే స్త్రీలు పూజింపబడుచోట దేవతలు సంతసింతురని చెప్పినది. సభలలో ఒకరు మొదటిదానిని చదివి కూర్చుందురు, మఱియొకరు రెండవదానిని చదివి కూర్చుందురు. నా యభిప్రాయమున ఆ రెండింటికిని విరోధమే లేదు. అధికారము లేనిచోట పూజ అవసరమగును. యజమానుని ఎవ్వరును పూజింపరు, అతనితో మాటలాడుదురు. ఉత్తరకాండమున రాముడు అశ్వమేధమునకు కూర్చుండినపుడు పత్నీస్థానమున బంగారు సీతను నిలిపెను. దానిని ఏకపత్నీవ్రతమునకు పరాకాష్ఠ యని భక్తులు కన్నీరు విడుతురు. రాముని హృదయమును శంకింపను నేనును సాహసింపను. అయినను శాస్త్రము ఆ ప్రతిమతో తృప్తిపడినదనుటను మఱువలేకున్నాను. ఒక ప్రతిమచే నిండిపోగల స్థానమైనచో, అందు కూర్చుండిన సజీవురాలినుండి ఇన్నాళ్లును ఆ కర్మ కోరినదేమి? అదే యజ్ఞమున బంగారు రాముని పెట్టి సీత యజించుట ఏ సూత్రకారునకును తోచియుండదు.

ఇంతవఱకు పురుషునికి అంతయు లాభమే యన్నట్లు వ్రాసితిని, అట్లు కాదు. యజమానుడు పత్ని లేక యజింపజాలడు. భార్య పోయినవాని అగ్నిహోత్రము ఆఱిపోవును. అతడు మరల పెండ్లియాడవలెను, లేదా ధర్మమునకు వెలి కావలెను. మగవాడు ఏడువరాదు, సంపాదింపక ఇంట కూర్చుండరాదు, భార్య జీతము తనకంటె హెచ్చైనచో నలుగురిలో చెప్పుకొనరాదు. ఉద్యోగము పోయిన సంగతి ఇంట చెప్పలేక ప్రొద్దున యథాప్రకారము భోజనపు డబ్బా పట్టుకొని బయలుదేఱి సాయంకాలమువఱకు ఏ ఉద్యానవనములోనో కూర్చుండి తిరిగివచ్చు గృహస్థుని బంధము స్త్రీ బంధముకంటె చిన్నదని నేననను. అతనికి జాలిపడువారు లేకుండుట అతని బంధములో ఒక భాగము.

ఈ సంగతిని నాకు తెలిసినంతలో అందఱికంటె నిశితముగా చెప్పినది శాంతిపర్వమునందలి సులభ. గృహస్థాశ్రమము విడువకయే మోక్షము పొందినవారు కలరా యని ధర్మరాజు అడుగగా భీష్ముడు చెప్పిన కథ అది. మిథిలలో ధర్మధ్వజుడను జనకుడు రాజ్యము చేయుచునే ముక్తుడనైతినని ప్రసిద్ధి వహించెను. ఏకాకినియై భూమి తిరుగు సులభ యను భిక్షుకి ఆ మాట విని, అది నిజమో కాదో తెలియగోరి, యోగబలముచే అతని సత్త్వమున ప్రవేశించెను. పంచశిఖుని శిష్యుడనని, ఒక బాహువునకు చందనము పూసినవాడును మఱియొక బాహువును నఱకినవాడును తనకు సమానులని రాజు ఘనముగా ఉపన్యసించెను. ఉపన్యసించి, ఆ నోటితోనే, నీవెవ్వతెవు, ఎవరిదానవు, ఏ కులము, ఏ గోత్రము, నీ భర్త బ్రతికియున్నాడా, ఉన్నచో పరభార్యవు గదా, ఇట్లు నన్ను చేరుట సంకరము కాదా యని ఆగ్రహించెను. చేయి నఱకినవానిని సహింపగల సమదృష్టి, తోడులేక వచ్చిన ఆడుదానిని సహింపలేకపోయెను.

సులభ కోపింపలేదు. వాక్యమునకుండదగిన గుణములను, ఉండరాని దోషములను మొదట వివరించి, పిదప దేహము ముప్పది తత్త్వముల కూడిక యని, గర్భమున పెరుగుచు వచ్చిన పిండమునకు చిహ్నమునుబట్టి తుదకు స్త్రీ యనియో పురుషుడనియో పేరు కలుగుచున్నదని, దీపజ్వాలవలె క్షణక్షణమును మారుచుండు నీ కూడికలో ఎవరు ఎవరిదని అడుగుటకు అర్థమేమని ప్రశ్నించెను. అటుపై ఆమె రాజును విడువలేదు. నీవు స్వతంత్రుడవా? స్నానము చేయుమన్నపుడు స్నానము, భుజింపుమన్నపుడు భోజనము, నిద్ర వచ్చినను పని గలవారు లేపుదురు, అంతఃపురమునను మంత్రాలోచనయందును నీకు వశమైనదేమి యని అడిగెను. అనగా తన్ను స్త్రీత్వములో బంధింపజూచినవానికి రాజత్వమను పురుషపాత్రలోని సంకెలలను ఒక్కొక్కటిగా ఎత్తి చూపించెను. తగిన భర్త దొరకక తాను సన్న్యసించితినని, క్షత్రియవంశమున పుట్టితినని సంకోచము లేక చెప్పెను. అడిగినది తప్పుప్రశ్న యని నిరూపించిన పిమ్మటనే దానికి బదులు చెప్పుట ఆమె గాంభీర్యము. శూన్యగృహమున బిచ్చగాడు ఒక రాత్రి గడిపినట్లు ఈ రాత్రి నీయందుండి రేపు పోదుననెను. జనకుడు మఱి బదులాడలేదు.

కథ ముగిసినది గాని ధర్మరాజు అడిగినదానికి ఉత్తరము రాలేదు. గృహములోనుండి ముక్తుడనన్న జనకుడు ఓడెను. గెలిచిన సులభకు గృహము లేదు. ఇల్లు విడిచినవారికి స్వాతంత్ర్యము గలదని చెప్పుటకు మహాభారతమక్కఱలేదు. ఉన్నవారి మాటయే మిగిలినది. ఆశ్చర్యమేమనగా, అదే శాంతిపర్వారంభమున రాజ్యము వదలి అడవికి పోదునన్న ధర్మరాజును వాదించి నిలిపినవారిలో ద్రౌపదియు కలదు. అరణ్యపర్వమున సత్యభామతో మాటలాడుచు, తాను అందఱికంటె ముందు లేచి అందఱికంటె వెనుక పండుకొందుననియు, పాండవుల కోశమునందలి ఆయవ్యయములు తనకొక్కతెకే తెలియుననియు, వేలకొలది పరిజనుల తిండితిప్పలు తానే చూచితిననియు ఆమె చెప్పియున్నది. గార్హస్థ్యమునుగూర్చిన సందేహమునకు మిథిలదాక పోనక్కఱలేదు. ఆ లెక్కలు వ్రాసినయామె ధర్మరాజు ఇంటనే యుండెను, ఆమెను ఆతడు అడుగలేదు.